జారుడు దారిలో గడ్డి

డుంబ్రిగుడ, సంతనాటి రాత్రి

సంత రోజు కొట్టులో అడ్డం రాకుండా ఉంటుందని మా పాపకు ట్యాబ్ కొన్నది నేనే. వానలు మొదలైనప్పటి నుంచి ఊళ్లో పిల్లలంతా దాని చుట్టూనే.

ఈరోజు వాన వెలియగానే పక్కింటి సుక్రి ఒక్కతే జీలుగు చెట్టు మట్ట ఈడ్చుకుంటూ వచ్చి మా కొట్టు గుమ్మంలో నిలబడింది.

"బేగి రండే, గట్టు తడిగున్నాది, మట్ట మీద జారుదాం!"

మా పాప తలెత్తలేదు. "ఇందులోనూ జారుడాట ఉందే, సూడు" అంది.

సుక్రి కాసేపు చూసి, మట్ట వాకిట్లో పడేసి, తనూ వచ్చి చేరింది. ఇక అల్లరి ఉండదని నేను హాయిగా బేరాలు చూసుకున్నాను.

సాయంత్రం ఆ మట్ట పారేద్దామని గట్టు దాకా వెళ్లాను. పిల్లలు జారీ జారీ నున్నగా చేసిన ఎర్రమట్టి దారి నిండా గడ్డి మొలిచింది.

పారేయలేక మట్టను మళ్లీ తెచ్చి గుమ్మం పక్కన పెట్టాను. సుక్రి అడుగుతుందో లేదో...