సుమన్ పెట్టిన గడప

చిరంజీవి స్వర్ణకు అమ్మ దీవించి రాయునది. ఇక్కడ నేను, మీ బాపు బాగున్నామనే రాస్తున్నాను. పనికి పోతున్నాం, ఇంత తింటున్నాం. నర్సు హాస్టల్లో నువ్వు వేళకు తిను బిడ్డా. ఫోనులో అయితే పక్కన మీ బాపు వింటాడు, అందుకే ఈ ఉత్తరం.

ఇంటి తాళం ఇచ్చారా అని అడిగావు. ఇవ్వలేదు, ఇక ఇవ్వరు. ఫ్లాట్లు కట్టుకోవడానికి కంపెనీకి సర్కారు పర్మిషన్ ఇచ్చినప్పుడు, వెనక బ్లాకు మనలాంటి వాళ్ళకు తక్కువ ధరకు ఇవ్వాలని ఒప్పందం కదా. కట్టారు, రంగులు కూడా వేశారు. అప్పుడు మాట మారింది. ఆ బ్లాకు కంపెనీయే అమ్ముకుంటుందట, బదులుగా మనకు దొంకేశ్వర్ అవతల కట్టిస్తుందట. సర్కారు పెద్దసార్లు సరేనని సంతకాలు పెట్టారు. మీటింగులో మన ముత్తెన్న మామ లేచి, "సారూ, మార్కెట్ల హమాలీ పనికి గాడికెళ్ళి ఎట్ల రావాలె? ఎగురుకుంట రావాల్నా?" అన్నాడు. అందరూ నవ్వారు. కంపెనీ సారూ నవ్వాడు. "బస్సు ఏపిస్తం పెద్దమనిషీ" అన్నాడు. మీ బాపు పోయి చూసొచ్చాడు. అక్కడ ఇంకా మక్కచేనే ఉంది.

సుమన్ అన్న పెట్టిన గడప ఏమైందనీ అడిగావు. వెనక బ్లాకు దర్వాజలకు కంపెనీ గడపలు పెట్టించలేదు. ఆ దర్వాజలు బిగించిన వడ్రంగి మీ అన్నే కదా. లాటరీ చీటీలో మనకు వచ్చిన ఇంటికి మాత్రం, "గడప లేకుంటే పసుపు ఏడ రాస్తవే అమ్మా?" అని టేకు ముక్క తెచ్చి, తనే చిత్రిక పట్టి దింపాడు. ఆ వానల్లోనే జ్వరమొచ్చి పోయాడు. ఆ ముక్క అయినా తీసుకుపోతానని కంపెనీ మేనేజరును అడిగాను. "గోడ పలుగుతది, పో" అన్నాడు.

ఒక మాట దాచాను బిడ్డా. మీ బాపుకూ చెప్పలేదు. నేను ఇప్పుడు మార్కెట్లో పసుపు కొమ్ములు ఏరే పనికి పోవడం లేదు. ఆ ఇల్లు కొన్నవాళ్ళ దగ్గర పనికి కుదిరాను. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. మొన్న శుక్రవారం ఆ రోజారాణి మేడమ్ పసుపు గిన్నె నా చేతికిచ్చి, "వెంకవ్వా, గీ బ్లాకుల మా ఒక్క ఇంటికే గడప ఉన్నది, తెల్సా? గందుకే ఏరి కొన్నం. మంచిగ రాయి" అన్నది.

రాశాను. కుడి మూలకు మీ అన్న ఉలి జారిన గీత ఉంది. అది నిండేదాకా రాశాను. రాసి, ఆ గడప దాటి లోపలికి పోయి బోళ్ళు తోమాను.

ఇట్లు,
మీ అమ్మ వెంకవ్వ