వెనక వరుస వంతు

అమ్మకు నమస్కారాలు. మోకాళ్ళను లెక్కలోంచి తీసేస్తే నేను క్షేమమే. మీరంతా బాగున్నారని నీ ఉత్తరం చెప్పింది. బావగారు తన ఆఫీసులో చూసిన ఉద్యోగానికి జవాబివ్వకుండా నేను "బడిపిల్లలతో ఎగురుతున్నా"నని కూడా అదే చెప్పింది. డిగ్రీ చదివిన పిల్ల బంతి వెంట తిరిగితే సరదాకే అనుకుంటారు మీరు. సాయంత్రానికి గొంతు పోయి, కంచం ముందే కునుకు తీస్తున్నాను. అందులో సరదా ఎక్కడుందో కాస్త నాకూ చూపించండి.

నువ్వడిగినవాటికి జవాబులు. వాలీబాల్‌లో బంతిని పట్టుకుని విసరకూడదు. అటు ఆరుగురు, ఇటు ఆరుగురు, మధ్యన వల. బంతి మన నేలను తాకేలోపు, మూడు దెబ్బల్లో అవతలికి పంపాలి. ఒకరే వరసగా రెండుసార్లు తాకకూడదు. అందుకే ఒకరు లేపుతారు, ఒకరు అందిస్తారు, ఇంకొకరు కొడతారు. వల దగ్గర ఎప్పుడూ ఒకరే ఉంటారా అని అడిగావు చూడు, అక్కడ ఉత్తరం మడిచి పక్కన పెట్టేశాను. ఉండకూడదమ్మా. సర్వీసు, అంటే ఆట మొదలుపెట్టే దెబ్బ వంతు, అవతలివాళ్ల నుంచి మనకు వచ్చినప్పుడల్లా ఆరుగురూ గడియారం ముల్లు తిరిగే వైపు ఒక్కో చోటు జరగాలి. ఎంత పొడుగు పిల్లయినా వెనక్కి వెళ్ళాల్సిందే. ఎంత పొట్టిదైనా ముందుకు రావాల్సిందే.

మా పిల్లలకు నేను అది నేర్పలేదు. మా జట్టులో నిచ్చెన అని పిలిచే పిల్ల కొడితే బంతి తిరిగి రాదు. ఆమెను వల దగ్గరే ఉంచి, అందరికంటే పొట్టిదైన బుడంకాయను వెనక వరుసలోనే అట్టిపెట్టాను. మనలో మనం ఆడుకునేదానికి ఎవరడుగుతారులే అనుకున్నాను. తీరా పక్క బడి పోటీకి పిలిచింది. ముందురోజు హడావిడిగా ఒకసారి చెప్తే వాళ్ల కాళ్లకు ఎక్కుతుందా? శుక్రవారం అంపైరు ఈల వేస్తూనే ఉన్నాడు. చోటు తప్పిన ప్రతిసారీ పాయింటు అవతలికే. చిత్తుగా ఓడిపోయాం.

ఇంతవరకూ రాయలేకపోయింది ఇదీ. హెడ్‌మిస్ట్రెస్ అడిగితే, "నేర్పానండీ, పిల్లలే మర్చిపోయారు" అన్నాను. ఆరుగురూ నా వెనకే నిలబడి ఉన్నారు.

మర్నాడు బుడంకాయ ఒక్కతే వచ్చింది.

"టీచర్, మేం నిజంగా మర్చిపోయామా?"

"లేదే. నేనే నేర్పలేదు."

"మరి ఆ మాట పెద్ద టీచర్‌కి ఎవరు చెప్తారు?"

వెళ్ళి చెప్పాను. చివాట్లు కడుపు నిండా తిన్నాను. వచ్చే పోటీ దాకా చూస్తానంది, ఆ తర్వాత ఉంచుతుందన్న భరోసా లేదు. పిల్లలు మాత్రం చోట్లు మారడం మొదటినుంచీ నేర్చుకోవడం మొదలుపెట్టారు.

సోమవారం బావగారి ఆఫీసులో నేను చేరడం లేదు. ఆయనకూ రాసేశాను.

ఇట్లు,
నీ రెండో కూతురు