కొబ్బరి చిప్ప బొగ్గూ, కర్నూలు సముద్రమూ

కర్నూలు, 1955 అక్టోబరు 9

మద్రాసు నుంచి వచ్చేశాను. గాజు జాడీల నిండా సముద్రపు నీళ్లు, రెండు చిన్న చేపలు, రాయిని కరుచుకుని ఒక సముద్రపు పువ్వు. పేరుకే పువ్వు, నిజానికి జంతువు. డోన్‌లో రైలు మారుతుంటే కూలీ ఒక చుక్క నాలుక మీద వేసుకుని — "ఉప్పు నీళ్లకు మద్రాసు దాకా పోవల్లనా సామీ? మా బావిలో శానా ఉండాయి." నవ్వనీ. కాలేజీలో, నా జువాలజీ గదిలో, గాజు తొట్టిలో ఆ పువ్వు విచ్చుకుని ఊగుతోంది. కర్నూల్లో సముద్రం! తెచ్చింది నేను.

అక్టోబరు 12

నీళ్లు పచ్చబడుతున్నాయి. కంపు. ప్రిన్సిపాల్ ముక్కు మూసుకుని — "దసరా సెలవులయి కాలేజీ తెరిచేలోగా ఇది బాగుపడల్ల. లేదంటే తొట్టి బయట పెట్టిచ్చేస్తా." మారుద్దామంటే వేరే నీళ్లు లేవు. సముద్రమేమన్నా పక్క వీధిలో ఉందా?

అక్టోబరు 14

యుద్ధంలో గ్యాస్ మాస్కుల్లో కొబ్బరి చిప్ప బొగ్గు పెట్టేవారని చదివాను. విషవాయువునే పట్టేది ఈ కంపును పట్టదా? పెరట్లో మూత కుండలో చిప్పలు కాల్చాను. ఎర్రటి నిప్పులయ్యాక నీళ్లు చిలకరించాను... ఇల్లంతా పొగ. మా ఆవిడ రంగమ్మ దగ్గుతూ — "బొగ్గుతో నీళ్లు కడిగే మొగుడు నాకే దొరకల్లనా!"

నలుపు పోయేదాకా కడిగి, చిల్లి కుండలో గుడ్డ పరిచి పోశాను. కుండను తొట్టి మీద వేలాడదీశాను. అటెండర్ హుసేనప్ప తొట్టి నీళ్లే చెంబుతో తీసి కుండలో పోస్తాడు. అవి బొగ్గులోంచి దిగి, చుక్క చుక్కగా మళ్లీ తొట్టిలోకే.

అక్టోబరు 17

కంపు లేదు. రంగు విరుగుతోంది. పువ్వు చేయి చాపి మాంసం ముక్క అందుకుంది. గర్వంగా ఉంది. నా డైరీలో నేను రాసుకుంటే ఎవడికి నష్టం?

అక్టోబరు 22

రంగమ్మతో మహానంది. కోనేటి అడుగున గులకరాళ్లు చూస్తూ అంది — "మీ తొట్టి నీళ్లు ఇట్లయిన పొద్దు పిలవండి, వస్తా." పెళ్లయినప్పటి నుంచి నా గది గడప తొక్కలేదు. కప్పల కంపట. సరే, పందెం.

అక్టోబరు 25

ఆయుధ పూజ. కాలేజీకి వెళ్లి చూస్తే మైక్రోస్కోపులకు, కత్తెరలకు, తొట్టికి కుంకుమ బొట్లు. అంతవరకు ముచ్చటగానే ఉంది. కానీ తొట్టిలో నీళ్లు పచ్చగా, చిక్కగా... హుసేనప్ప చేతులు కట్టుకుని — "చుక్క చుక్క పడతాండాది గదా సార్, శివుని మీద ధారపాత్ర మాదిరి. చెంబెడు పసుపు నీళ్లు కుండలో పోస్తి, చెంబెడు తొట్టిలో పోస్తి. మీ సముద్రం సల్లగుండల్లని."

నా మంచి కోరే చేశాడు. అయినా తిట్టాను. చేపలు మూల చేరాయి. పువ్వు ముడుచుకుపోయింది, మాంసం చూపినా కదల్లేదు. ఏడుపొచ్చింది.

అక్టోబరు 26

ప్రిన్సిపాల్ కిటికీలోంచి తొంగి చూసి — "ఏమప్పా, నీ సముద్రానికి కామెర్లొచ్చినాయే!"

అక్టోబరు 27

పాత బొగ్గు పారేశాను. కొత్తది కావాలి. పండగ కదా, ఇంటింటా కొబ్బరికాయలే. హుసేనప్ప గోనెసంచి నిండా చిప్పలు తెచ్చి పెరట్లో దింపాడు, నా మొహం చూడకుండా. రంగమ్మ పొయ్యి తనే రాజేసింది.

అక్టోబరు 29

పసుపు... లేత పసుపు. చేపలు తిరుగుతున్నాయి. పువ్వు అలాగే.

అక్టోబరు 31

తొట్టి వెనక పేపరు పెట్టి చదివాను. చిన్న అక్షరాలు కూడా! ఇంత తెల్లగా మద్రాసులో కూడా లేవు ఈ నీళ్లు. ప్రిన్సిపాల్ వచ్చి, చూసి, కంపు కోసం రెండుసార్లు గాలి పీల్చి వెళ్లిపోయాడు. కానీ పువ్వు విచ్చుకోకపోతే ఇది సముద్రం కాదు, ఉప్పు నీళ్లే. డోన్ కూలీ మాటే నిజమవుతుంది.

నవంబరు 1

రేపు కాలేజీ తెరుస్తారు. రంగమ్మను పిలిచాను. వచ్చింది! కొత్త చీర కట్టుకుని, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని. తొట్టి ముందు నిలబడి — "నీళ్లు యాడుండాయి? ఖాళీ పెట్టె చూసేకి పిలిస్తిరా నన్ను?" అంతలో చేప కదిలింది. కొంగు జారవిడిచి అట్లే నిలబడిపోయింది. నా ఛాతీ ఎంత పొంగిందో ఈ పేజీకి చెప్పలేను.

ఆ గులకరాయి ఏందంది. ముడుచుకున్న పువ్వు అన్నాను. స్టూలు లాక్కుని కూర్చుంది. ఇంటికి పోదామంటే లేవదు.

"కదిలింది," అంటుంది.

నాకేమీ కనపడలేదు.

"మీరు గమ్మునుండండి. కదులుతాండాది."