పక్క వాటాలోకి పోయిన బొద్దింకలు

తెనాలి, మంగళవారం రాత్రి

బొద్దింకల మందు కొట్టడానికి వచ్చినతను పొద్దున్నే చెప్పాడు. "రెండు వాటాలకీ డ్రైనేజీ పైపు ఒకటేనండి. ఇక్కడ కొడితే అటు పోతాయి. పక్కవాళ్లకి ఓ మాట చెప్పండి." చెబుతానన్నాను. మా ఇంట్లో బొద్దింకలున్నాయని తెలిస్తే నామోషీ అనిపించి చెప్పలేదు.

సాయంత్రానికి పక్క వాటా సరోజిని పిన్నిగారు ఆ మోకాళ్ల నొప్పులతోనే వంటింటి సామానంతా వరండాలో వేసుకుని కడుగుతున్నారు. నేనూ కూర్చుని డబ్బాలు తుడిచాను. అప్పుడైనా చెప్పాల్సింది.

"చూపు ఆనక సరిగ్గా శుభ్రం చేసుకోవట్లేదమ్మా. అందుకే ఇన్ని బొద్దింకలు పట్టాయి," అన్నారు.

నేను వచ్చేస్తుంటే గుమ్మం దాకా వచ్చి, "మీ ఇంట్లోకీ వస్తాయేమో, ఓ కంట కనిపెట్టి ఉండమ్మా," అన్నారు.

అలాగే పిన్నిగారూ అన్నాను.