కుట్టు టేపు

2008 నవంబర్ 3, సోమవారం

కెమెరా వచ్చింది. హైదరాబాద్ నుంచి బస్సులో, పక్క సీటుకు కూడా టికెట్టు కొని, దాన్ని కూర్చోబెట్టి తెచ్చారు మా ఆయన. పెళ్ళయిన కొత్తలో నన్ను కూడా అంత జాగ్రత్తగా తీసుకురాలేదు. దాని పేరు రెడ్ అట. ఒళ్ళంతా నలుపూ బూడిదరంగూ. ఎరుపెక్కడుందండీ అంటే, అద్దె ఎంతో వింటే నీ మొహంలో కనపడుద్దిలే అన్నారు.

ఇరవై ఏళ్ళుగా పటమటలో ఆయన పేరున నడిచే మా నాగుల్ మీరా వీడియోస్ అంటే పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు, చర్చి పండగలు. ఆయన తీస్తారు. నేను ముందు గదిలో ఎడిటింగ్ చేస్తాను. ఇప్పుడు సినిమా! ఆయన దగ్గర పని నేర్చుకున్న జాన్ పాల్ డైరెక్టర్. ఫిల్ము కొనే స్తోమత లేక డిజిటల్లో తీస్తున్నాడు. కెమెరామన్ మీరే మాస్టారూ, మీరు కాదంటే నాకీ సినిమానే వద్దండీ అన్నాడట.

డాబా మీద కెమెరా పెట్టి కుడికన్ను ఆనించారు. ఆయన టీ పట్టుకుని నేను పక్కనే నిలబడ్డాను. చల్లారిపోయింది.

నవంబర్ 6

లెన్సు బాగాలేదట. వీధి చివర కరెంటు స్తంభం నడుము దగ్గర వంగి కనపడుతోందట. కెమెరా అద్దెకిచ్చిన హైదరాబాద్ వాళ్ళకు ఫోన్ చేసి, ఏందండీ ఈ డొక్కు లెన్సు అని దులిపేశారు. వాళ్ళు ఎదురు మాట్లాడకుండా ఇంకోటి పంపుతామన్నారు. కెమెరా గురించి ఆయన చెప్తే కాదనేవాళ్ళు ఎవరు?

నవంబర్ 10

షూటింగ్ మొదలు. నాగాయలంక. ఇల్లు బోసిగా ఉంది.

నవంబర్ 12

రెండో లెన్సు కూడా వంకరేనట. ఫోన్లో నా మీద అరిచారు, లెన్సు చేసింది నేనైనట్టు.

సాయంత్రం, తీసిన షాట్లున్న హార్డ్ డిస్క్ వచ్చింది. పెట్టి చూశాను. తాటిచెట్లు నిటారుగా ఉన్నాయి. పడవ తెరచాప కొయ్య నిటారుగా ఉంది. మొన్న డాబా మీద తీసిన టెస్ట్ కూడా పెట్టాను. కుట్టుమిషన్ సొరుగులోంచి స్కేలు తీసి మానిటర్ మీద ఆనించాను. కరెంటు స్తంభం ఎక్కడా వంగలేదు. లెన్సుకు ఏ రోగమూ లేదు.

నవంబర్ 13

స్కేలు మళ్ళీ పెట్టి చూశాను.

నవంబర్ 16, ఆదివారం

మా పనిలో ఫోకస్ తప్పిన షాట్‌ని సాఫ్ట్ అంటారు. పెళ్ళి వీడియోలో కాస్త సాఫ్ట్ అయినా టీవీలో ఎవరికీ తెలియదు. ఈ కెమెరా అట్లా కాదు, చెంప మీద నూగు కూడా చూపిస్తుంది. ఈరోజు వచ్చిన వాటిలో సగం సాఫ్ట్. పడవ నడిపే తల్లిగా వేస్తున్న అమలమ్మగారి చెవి కమ్మ స్పష్టంగా ఉంది. కళ్ళు మసక. ఆయన చేతిలో ఇట్లాంటి షాట్ నేనెప్పుడూ చూడలేదు.

అన్నీ ఇప్పుడు గుర్తొస్తున్నాయి. రంజాన్ ముందు వడ్రంగి ఏసుపాదంతో గుమ్మం వంకరగా బిగించావని పోట్లాడారు. అతను తాడుకు గుండు కట్టి వేలాడదీసి చూపించినా ఒప్పుకోలేదు. పండగ నెలవంక కూడా అంతే. మా వీధిలో ఏటా మొదట చూసేది ఆయనే. ఆయన చెయ్యెత్తి చూపించాకే మిగతావాళ్ళకు కనపడేది. ఈసారి పక్కింటి ఫౌజియా ముందు అరిచింది. మబ్బు అడ్డం వచ్చిందే అన్నారు ఆయన. మబ్బు ఎక్కడుంది?

నాగాయలంక మొదటి బస్సు ఎన్నింటికో కనుక్కున్నాను.

నవంబర్ 17

పొద్దున్నే నాగాయలంక బస్సెక్కాను. రేవు మెట్ల మీద కూర్చోబెట్టి చెప్పాను, లెన్సు కాదండీ, మీ కన్ను అని. ఆయన నీళ్ళ వైపే చూస్తూ, తెలుసు అన్నారు.

తెలుసట! పండగ వెళ్ళిన వారమే నాకు చెప్పకుండా కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళారట. షుగరు కంటి వెనక్కి దిగిందట, నీరు చేరిందట, లేజర్ వెంటనే చెయ్యాలన్నారట. అప్పటికే జాన్ పాల్‌కు మాట ఇచ్చేశారట, లేజరంటే షూటింగ్ తేదీలు తప్పిపోతాయని ఊరుకున్నారట. మరి తెలిసి కూడా లెన్సుని ఎందుకు తిట్టారండీ అన్నాను. లెన్సే అయితే బాగుండని అన్నారు.

తిట్టాను. రేవులో అందరూ చూస్తున్నా తిట్టాను. బుద్ధుందా మీకు, కన్ను పోయాక సినిమాని ఏం చేసుకుంటారు అన్నాను. నేను తిడితే మాత్రం ఆయన గొంతు పెంచరు, మా ఇంట్లో ఉన్న బాధే అది. ఇరవై ఏళ్ళు ఎవరెవరి పెళ్ళిళ్ళో తీశానే, వాళ్ళు ఒకసారి చూసి బీరువాలో పెట్టేసుకున్నారు, ఒక్కసారి హాల్లో లైట్లు తీసేసి జనం నా పని చూడాలే షాహీదా, ఈ కన్ను ఎట్టాగూ పోయేదే, పోయేలోపు వాడుకోనీ అన్నారు. జాన్ పాల్‌కు చెప్తే షూటింగ్ ఆపేస్తాడు, చెప్పొద్దన్నారు.

ఒప్పుకున్నాను. ఎందుకు ఒప్పుకున్నానో రాద్దామంటే రావడం లేదు. ఆ కెమెరా పక్కన నిలబడ్డప్పుడు ఆయన మొహం చూశాను, అంతే.

నవంబర్ 19

సినిమా వాళ్ళు ఫోకస్ కోసం లెన్సు దగ్గర నుంచి మనిషి కంటి దాకా టేపు పట్టి, ఆ కొలత లెన్సు రింగు మీద పెడతారు. పెళ్ళి కెమెరామన్లు పట్టరు. జూమ్ చేసి, కన్ను మీద ఫోకస్ పెట్టి, వెనక్కి వస్తారు. ఆయనకు టేపంటే నామోషీ. నేనేమన్నా టైలర్నా అనేవారు. ఈ లెన్సుకు జూమ్ లేదు. కాబట్టి నాగాయలంకలోనే ఉండిపోయి టైలర్ని నేనయ్యాను.

ఒక కుట్టు టేపు చాలడం లేదని రెండు కలిపి కుట్టాను. లెన్సు దగ్గర ఒక కొస ఆయన పట్టుకుంటారు. రెండోది అమలమ్మగారి కంటి దగ్గర నేను. కొలత చూసుకొచ్చి రింగు కూడా నేనే తిప్పి పెడుతున్నాను, ఆ చిన్న అంకెలు ఆయనకు కనపడవు. ఆయన ఫ్రేము చూసుకుంటారు. ఏమ్మా జాకెట్టు కుడతావేంది, చంకల్లో బిగుతు లేకుండా చూడు తల్లీ అన్నారు అమలమ్మగారు. యూనిట్ అంతా నవ్వింది. ఆయన కూడా నవ్వారు. మాస్టారు పక్కా సినిమా పద్ధతిలో వెళ్తున్నారని జాన్ పాల్ మురిసిపోయాడు.

నవంబర్ 24

ఒక్క షాటూ సాఫ్ట్ కాలేదు! అమలమ్మగారి కంటిపాపలో రేవు కనపడుతోంది. మళ్ళీ మళ్ళీ వేసుకుని చూశాను.

డిసెంబర్ 4

హంసలదీవి. ఆఖరి షాట్. కథలో తల్లి చచ్చిపోయాక, కొడుక్కి గుర్తొచ్చినట్టు, అమలమ్మగారు సముద్రం వైపు నుంచి పడవ మీద కెమెరా దాకా రావాలి. నీళ్ళ మీద కదిలే పడవకు టేపు పట్టేదెట్లా? టేపు చేతికి చుట్టుకుని నిలబడ్డాను. నువ్వు పక్కకు జరుగు, ఇది నేను చూసుకుంటాలే అన్నారు. కన్ను ఆనించి తనే రింగు తిప్పారు.

కట్ చెప్పాక, ఎట్టా వచ్చింది అని రోజూ నన్ను అడిగేవారు. ఇవాళ అడగలేదు.

డిసెంబర్ 6

జాన్ పాల్ మా ఇంటికొచ్చి ఆ షాట్ చూశాడు. మొదట్నుంచి చివరిదాకా సాఫ్ట్. అమలమ్మగారి మొహం ఒడ్డు దాకా వచ్చినా తేటపడలేదు. నేను తలెత్తలేదు.

జాన్ పాల్ కుర్చీలోంచి లేచాడు. అబ్బ, చచ్చిపోయిన తల్లి కొడుకు మనసులో ఇట్టాగే కదండీ ఉండేది, మీకెట్టా తట్టింది మాస్టారూ అన్నాడు. తట్టడం ఏందిరా, నాకట్టాగే కనపడింది అన్నారు ఆయన. జాన్ పాల్ నవ్వి ఆయన చేతులు పట్టుకున్నాడు.

నేను వంటింట్లోకి వెళ్ళి కొళాయి తిప్పి ఏడ్చాను.

డిసెంబర్ 10

నిన్న బక్రీద్. ఈరోజు లేజర్ చేశారు. కుడికంట్లో పోయింది ఇక రాదట. ఎడమ కంట్లో కూడా మొదలైందట. డాక్టరమ్మ కోప్పడ్డారు, ముందే తీసుకొస్తే కొంతయినా మిగిలేది, ఇంట్లో మనిషివి నువ్వేం చేస్తున్నావమ్మా అన్నారు.

టేపు పట్టుకుంటున్నానండీ అని చెప్పాలనిపించింది.

2009 ఫిబ్రవరి 11

పెళ్ళిళ్ళ సీజను. అడగడానికి వచ్చినవాళ్ళను వేరే స్టూడియోకు పంపించేస్తున్నాను. జాన్ పాల్‌కు తెలిసిపోయింది. వచ్చి నేల మీద కూర్చుని ఏడ్చాడు. ఎందుకు చెప్పలేదక్కా అని నన్ను అడిగాడు. ఆయనే వాడి వీపు నిమిరి ఓదార్చారు. పోయింది జాన్ పాల్ కన్నయినట్టు.

మే 15, శుక్రవారం

గాంధీనగర్‌లో సినిమా వేశారు. హాలు సగమే నిండింది. లైట్లు తీశాక ఆయన తెర వైపు చూడలేదు, పక్కనున్న తలుపు వైపు చూశారు. ఎడమ కంట్లోనూ ఇప్పుడు నడిమధ్య ఏమీ లేదట. పక్కకు చూస్తే అంచున కాస్త కనపడుతుందట. షాట్ మారినప్పుడల్లా నా చెయ్యి నొక్కి, సాఫ్టా అని అడిగారు. కాదండీ అన్నాను. ఆఖరి షాట్‌కు అడగలేదు.

చప్పట్లు కొట్టారు. నాకు ఆ కొట్టేవాళ్ళందరి మీదా కోపం వచ్చింది. బయటికొచ్చాక, విన్నావా అన్నారు. విన్నానండీ.

జూలై 2

నా మొహం చూడాలంటే నా చెవి పక్కకు చూడాలట. కొత్తగా వచ్చినవాళ్ళు నా వెనక ఎవరో ఉన్నారనుకుని తిరిగి చూస్తున్నారు.

ఆగస్టు 22, శనివారం

రంజాన్ నెలవంక కోసం వీధంతా డాబాలు ఎక్కింది. ఆయన రానన్నారు. కుట్టు టేపు తెమ్మన్నారు. ఒక కొస తన కంటి దగ్గర పట్టుకుని, రెండోది నా కంటి దగ్గర పెట్టుకోమన్నారు. ఎంత అన్నారు. రెండడుగులండీ అన్నాను.

నా చెవి పక్కకు చూస్తూ, కదలకు అన్నారు.

కదల్లేదు.