ఇంతకీ పరాన్నజీవి ఎవరు?

ఆసుపత్రి సూపరింటెండెంటు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నా కుడి బుగ్గమీది పుండులో పరాన్నజీవి కలదో లేదో తేల్చి, నన్ను మరల వంటలోకి పంపుట గురించి.

1. నేను ఫ్యాక్టరీ క్యాంటీనులో వంటవాడిని. మానని పుండు చూసి మేనేజరు నన్ను గుమ్మంలోనే ఆపివేసినాడు. తమ చర్మ డాక్టరు గారు, "ఇది ఇసుక ఈగ కుట్టి వచ్చిందైతే పక్కవాళ్లకి అంటుకోదు, హాయిగా వండుకోవచ్చు. కానీ అదేనని తేలాలిగా" అన్నారు. కావున పాజిటివ్ రావలెనని దేవుడికి మొక్కుకొన్న రోగిని తమ ఆసుపత్రిలో నేనొక్కడినే.

2. పుండు అంచు గీకి మైక్రోస్కోపులో చూడగా ఏమీ కనబడలేదట. కనబడనంత మాత్రాన లేనట్టు కాదు, మాలిక్యులర్ పరీక్ష చేయవలెనన్నారు. పరాన్నజీవి డిఎన్ఏ పిసరంత దొరికినా మెషిను దాన్ని లక్షల రెట్లు పెంచి పట్టుకొనునట. గోరంతను కొండంత చేయు విద్య మా అత్తగారికి మెషిను లేకుండానే వచ్చును గానీ, ఆవిడ రిపోర్టును మేనేజరు ఒప్పుకొనుట లేదు.

3. మెషిను బాగానే ఉన్నది. పరీక్షకు వాడెడి మందులే చెడినవి. తమరి పుట్టినరోజు కేకు ఫ్రిజ్‌లో పట్టలేదని వాటిని తీసి బయట పెట్టి మరచినారట. ల్యాబు అమ్మాయిని అడిగితే, "కేకు పాడైతే ఎవరు మాట పడతారండీ?" అన్నది. పాపం, ఆమె మాటా నిజమే.

4. డాక్టరు గారు చీటీపై "పరాన్నజీవి: అనుమానం" అని రాసిరి. పని పోయి అత్తవారింట తింటున్నవాడిని. నా బావమరిది ఆ చీటీ చదివి, "అనుమానమెందుకు బావా? కంచం ముందు కనబడుతూనే ఉందిగా!" అన్నాడు. అందరూ నవ్వినారు. నా భార్య లేచి లోపలికి పోయింది. నేను కంచంలోనే చేయి కడుగుకొన్నాను. మందులు బయట పడవేసి కేకు తిన్నవారిని ఏ జీవులందురో, అందుకు కూడా మాలిక్యులర్ పరీక్ష కావలెనేమో సెలవియ్యగలరు.

కావున కొత్త మందులు తెప్పించి, ఈసారి కేకునే బయట ఉంచి, నా చర్మమును పరీక్షింపజేయు విషయం దయతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
క్యాంటీను వంటవాడు
(ప్రస్తుతం అనుమానిత పరాన్నజీవి)

తా.క.: అర్జీ కవర్లో పెడుతుండగా మా పాప వచ్చి ఒళ్లో కూర్చుంది. దాని కంటి కింద ఎర్రగా పొక్కు లేచింది. నాకూ మొదట్లో ఇలాగే ఉండేది. అయ్యా, పైన రాసిన వెటకారమంతా కొట్టేయండి. నా సంగతి తర్వాత చూద్దురు గానీ, ముందు దీనికి పరీక్ష చేయించండి. నాకు భయంగా ఉంది. లేదని రాయండి, మీ కాళ్లు పట్టుకుంటాను. కానీ చూసి రాయండి.