ముందు చక్రాలు తిరగలేదు

ఆత్మకూరు
9 ఫిబ్రవరి 1997

హమీదుకు,

"నా బండి ఎక్కినంక ఫికర్ ఎందుకక్కా? వాగైనా గుట్టైనా దాటిచ్చుడు నా జిమ్మ" అని నువ్వు నా భార్య అండాలుకు మాట ఇచ్చావు. పదమూడేళ్లు దాటింది. ఆ మాట వాగులోనే పోయింది.

ఉత్తరాన్ని 'ప్రియమైన' అని మొదలుపెట్టడం మర్యాద. పెద్దవాళ్ల ఉత్తరాలు అచ్చయిన పుస్తకాలు చాలా చదివాను. పగవాడికి రాసేటప్పుడు కూడా వాళ్లు ఆ మాట మానలేదు. నేను మానుతున్నాను.

శుక్రవారం నాడు నీ కార్డు వచ్చింది. హజ్‌కు పోతున్నావట. "కహా సునా మాఫ్ చేయండి, నా వల్ల జరిగిన తప్పులన్నీ మన్నించండి" అని రాయించావు. వాకిట్లో నిలబడి దాన్నే మళ్లీ మళ్లీ చదివాను. పోస్ట్‌మ్యాన్ బీరన్న సైకిలు ఆపి, "ఏమైంది సారూ, ఎవరన్న పోయిండ్రా?" అని అడిగాడు. విచారణలో "అల్లా సాక్షి, స్పెషల్ గేరు ఏసిన" అని నిలబడినవాడివి, ఇన్నేళ్లు నోరు విప్పనివాడివి, ఇప్పుడు పదిహేను పైసల కార్డు మీద తప్పు ఒప్పుకుంటావా? అదీ ఏ తప్పో చెప్పకుండా!

పంచాయతీ సమితి ఆఫీసులో నేను హెడ్ క్లర్కుగా, నువ్వు జీపు డ్రైవరుగా తొమ్మిదేళ్లు కలిసి పనిచేశాం. ఆ జీపు సంగతి నాకు తెలియదని అనుకోకు. దానికి తలుపులు లేవు, గుడ్డ టాపు. కూర్చుంటే నడుము విరిగేది. కాని అది ఎక్కని ఎత్తు లేదు. పెద్ద గేరు పక్కన రెండు చిన్న కర్రలుండేవి. ఒకటి లాగితే ఇంజను బలం ముందు చక్రాలకు కూడా అందుతుంది. అదే మీరు స్పెషల్ గేరు అనేది. రెండోది లాగితే బండి మనిషి నడకకన్నా మెల్లగా పోతుంది కాని ఆగదు. తంగెడు గుట్ట మీదికి పదకొండు మందినీ రెండు సిమెంటు బస్తాలనూ వేసుకుని అది ఎక్కడం నేను చూశాను. బీడీవో భయపడి కిందికి దూకేశాడు. ఆ దూకినాయనే తర్వాత నీ విచారణకు అధికారి అయ్యాడనుకో, అది వేరే కథ. జీపుతో పాటు వచ్చిన ఇంగ్లీషు పుస్తకంలో కొన్ని పేజీలు తెలుగులో నీకు చదివి వినిపించింది నేను. ఆఫీసులో దాన్ని చదివే ఓపిక ఉన్నవాణ్ని నేనొక్కణ్నే.

ఆ శనివారం సంగతి మళ్లీ రాస్తున్నాను. నువ్వు మరిచిపోయినట్టున్నావు. అండాలుకు కడుపులో నొప్పి. ఇక్కడి డాక్టరు పేగు పగిలిందేమో, వెంటనే పాలమూరు తీసుకుపోయి ఆపరేషన్ చేయించమన్నాడు. ముందు రాత్రి వానకు తారు రోడ్డు మీది కల్వర్టు కొట్టుకుపోయింది. వాగులో దిగక తప్పలేదు. నీళ్లు తొడల లోతు. నువ్వు ఒడ్డున ఆపి, నీళ్లు ఇంజను మీదికి చిమ్మకుండా ఫ్యాను బెల్టు తీశావు. ముందు జాలీకి గోనెపట్టా కట్టావు. అదంతా సరిగ్గానే చేశావు. నడి వాగులో బండి ఆగింది. వెనక చక్రాలు ఇసుక తవ్వుకుంటూ గిరగిరా తిరుగుతున్నాయి. నేను దూకి ముందుకు వచ్చి బండిని ఊపబోయాను. నా చెయ్యి ముందు టైరు మీద ఉంది. అది కదల్లేదు. నీళ్ల కింద, నా అరచేతి కింద, రాయిలా ఉంది. "స్పెషల్ గేరు వెయ్యరా!" అని అరిచాను. "ఏసిన సారూ!" అన్నావు.

వేస్తే తిరగదా?

అండాలును బుజాల మీద మోసుకుని అవతలి ఒడ్డు చేరి లారీ దొరికేసరికి మూడు గంటలు పట్టింది. దవాఖాన గేటు దగ్గరే ప్రాణం పోయింది. 'డ్రైవరు స్పెషల్ గేరు వేయలేదు' అని కాగితం రాసి ఇచ్చింది నేనే. నీ ఉద్యోగం పోయింది దానితోనే. ఇవాళ అడిగినా అదే రాస్తాను.

మాఫీ కావాలంటే ముందు ఏం చేశావో రాయి. రాయకుండా మక్కాకు పోతే నా ఉసురు కూడా నీ వెంట విమానమెక్కుతుంది.

రామచంద్రయ్య

*

హుజూర్‌నగర్
18 ఫిబ్రవరి 1997

రామచంద్రయ్య సారుకు హమీద్ చేసే సలాం.

చెప్పేది నేను, రాసేది నా బిడ్డ బషీరున్నీసా. నేనెట్ల చెప్తే అట్లనే రాయమన్న. నీ ఉత్తరం సదువుకుంట రెండు సార్లు ఆపింది. మొత్తం సదువు బిడ్డా, సారు రాసుడంటే ఉత్తగ రాయడు అన్న.

కహా సునా మాఫ్ అనేది హజ్‌కు పోయేటోళ్లు అందరినీ అడుగుతరు సారూ. తిరిగొస్తమో రామో, ఎవరి మనసుల ఏమున్నదో అని. తప్పు చేసినోళ్లే అడగాలని లేదు. నేను పాలామెను అడిగిన. "నీళ్లు కలిపింది నేనైతే నువ్వు మాఫీ అడుగుతవేంది హమీద్ సాబ్?" అన్నది. మా అల్లుడు అబ్దుల్ ఖాదర్‌కు నాకు ఆరేండ్లు మాటల్లెవ్వు. ఆయన్నడిగితే ఏడ్చిండు. నీకు రాయించిన కార్డు గూడ గసుంటిదే. నువ్వేమో తప్పు ఒప్పుకున్న అనుకున్నవ్.

కని అబద్ధమెందుకు, నీ దగ్గర ఒక్కటి దాసిన.

స్పెషల్ గేరు ఏసిన సారూ. అప్పుడు చెప్పిన, గిప్పుడు చెప్తున్న. ముందు చక్రం తిరగలేదన్న నీ మాట గూడ నిజమే. రెండూ నిజమెట్లయితయో నాకు తెల్లారి ఎర్కైంది, ఎడ్లు కట్టి బండిని ఒడ్డుకు గుంజినప్పుడు. నీకు చెప్దామనే ఉరికొచ్చిన. అప్పటికి నువ్వు నిప్పు కుండ వట్టుకొని పాడె ముందట నడుస్తున్నవ్. గా మొఖం జూసి చెప్పబుద్ధి గాలె. ఎన్క నువ్వు కాయిదం రాసిచ్చినవ్. అప్పుడు కోపానికి చెప్పలె. నౌకరి పొయినంక, ఇంక చెప్పి ఏం ఫాయిద అని చెప్పలె. దాసినందుకు మాఫ్ చెయ్యి. ఏం దాసినవని అడగకు. అక్క మీద ఒట్టు, అడగకు.

హమీద్

సార్, ఇది నా మాట. మా అబ్బా ఆ తర్వాత ఏ బండి స్టీరింగూ పట్టలేదు. సైకిలు మీద గాజులమ్మి మమ్మల్ని పెంచాడు. డ్రైవరు బిడ్డనని చెప్పుకోవడం నాకు ఇష్టం. ఆయన చెప్పుకోనివ్వడు. మార్చి ఇరవైన బయలుదేరుతున్నాడు. ఏం దాచాడో నాకూ చెప్పడం లేదు. మీకు తెలిస్తే మీరైనా చెప్పండి.

బషీరున్నీసా

*

ఆత్మకూరు
27 ఫిబ్రవరి 1997

తమ్మీ హమీదూ,

ఇది అండాలు నిన్ను పిలిచిన పిలుపు. నేను వాడుకోవచ్చునో లేదో నాకు తెలియదు.

నీ ఉత్తరం చదివి ఇంకా మండిపడ్డాను. రెండూ నిజమట! తర్కం పుస్తకాలు చదివినవాణ్ని, నాకు చెబుతావా అనుకున్నాను. నువ్వు అబద్ధమాడావని తేల్చుకోవడానికి మెకానిక్ ఇస్రాయేలు షెడ్డుకు పోయాను. సమితులు ఎత్తేశాక మన జీపును వేలంలో పాడుకున్నది అతనే. రంగు మార్చాడు కాని బండి అదే. కృష్ణలో దిగబడిన ఇసుక ట్రాక్టరును పొద్దున్నే గుంజుకొచ్చిందట. ఇంకా తడిగా ఉంది.

"ఇస్రాయేలూ, స్పెషల్ గేరు వేసినా ముందు చక్రాలు తిరగకుండా ఉంటాయా?" అన్నాను.

"ఎందుకుండయ్ సార్! బిళ్లలు బిగియ్యకుంటే గేరేసినా గుండుసున్న."

"ఏ బిళ్లలు?"

"అయ్యో, తొమ్మిదేండ్లు గీ బండ్లనే తిరిగినవ్ గదా!" అని నవ్వుతూ నన్ను ముందు చక్రం దగ్గర కూర్చోబెట్టాడు. చక్రం నడుమ అరచేతంత ఇనుప బిళ్ల. రెండు ముందు చక్రాలకూ ఒక్కొక్కటి. అవి బిగించి ఉంటేనే ఇంజను బలం చక్రాన్ని పట్టుకుంటుంది. వదులు చేస్తే లోపల ఇరుసు తిరుగుతుంది, చక్రం మాత్రం తిరగదు. లోపలున్న డ్రైవరుకు ఆ సంగతి తెలియదు. గేరు పడినట్టే ఉంటుంది.

"హమీద్ భాయ్ తొలకరికి బిగిస్తే దీపావళి దాక ముట్టకపోతుండె. నాకు నేర్పిందే ఆయన. తిప్పి సూపియ్యాల్నా?" అన్నాడు.

"ఉండు, నేను తిప్పుతాను" అన్నాను. ఎందుకన్నానో తెలియదు. బిళ్ల మీద వేళ్లు పెట్టి, ముందు లోపలికి ఒత్తి, తర్వాత ఎడమకు తిప్పాను. టక్కుమంది.

ఇస్రాయేలు నవ్వడం మానేశాడు. "జర ఒత్తి తిప్పాలని నీకెట్ల ఎర్క సార్? కొత్తోళ్లకు గంట సేపు చెప్పినా రాదు."

హమీదూ, నా చేతిని నేను చూసుకున్నాను. అది నాకన్నా ముందు గుర్తు తెచ్చుకుంది. ఇస్రాయేలు నీళ్లు తెచ్చి ఇచ్చి, నేను అడక్కుండానే రెండో బిళ్ల కూడా వదులు చేసి, స్పెషల్ గేరు వేసి, బండిని ఇసుక కుప్ప మీదికి నడిపించి చూపాడు. వెనక చక్రాలు తవ్వుకున్నాయి. ముందువి చచ్చిన చేపల్లా ఉన్నాయి. దిగి రెండు బిళ్లలు బిగించి మళ్లీ ఎక్కాడు. నాలుగు చక్రాలూ పట్టాయి. పిల్లి గోడ ఎక్కినట్టు ఎక్కేసింది. అండాలు ఒడ్డు చేరడానికి అంతకన్నా ఏమీ అక్కర్లేకపోయింది.

ఇంటికి వచ్చి ఆ ఇంగ్లీషు పుస్తకం వెతికాను. నా పుస్తకాల బీరువాలో అడుగు అరలో ఉంది. నలభై ఒకటో పేజీలో ఒక వాక్యం కింద నా గీత ఉంది: మంచి రోడ్డు మీద ముందు బిళ్లలు వదులు చేస్తే టైర్లూ డీజిలూ ఆదా. పక్కన పెన్సిలుతో నా రాత: '14-10-83. బీడీవో రేపు తారు రోడ్డున పాలమూరు. రెండు బిళ్లలూ తిప్పాను. హమీదుకు చెప్పాలి.'

శుక్రవారం. నువ్వు జుమ్మా నమాజుకు పోయి ఉన్నావు. వచ్చాక చెబుదామనుకున్నాను. ఈలోగా అండాలు అన్నానికి పిలిచింది. అంతే. చెప్పలేదు. చదివినది చేసి చూపానన్న గర్వం తప్ప ఆ పని నాకు గుర్తుంచుకోదగినదిగా తోచలేదు. తర్వాతి పేజీ చెమ్మకు అంటుకుపోయి ఉంది. ఈ ఉదయం బ్లేడుతో విడదీశాను. మొదటి వాక్యమే ఇది: నీటిలోకీ ఇసుకలోకీ దిగే ముందు బిళ్లలు బిగించడం మరవవద్దు. ఇంటినిండా పుస్తకాలున్నవాణ్ని, ఆ ఒక్క పేజీ తిప్పలేదు.

తెల్లారి బండిని గుంజినప్పుడు నువ్వు బిళ్లలు చూసి ఉంటావు. ఆఫీసులో ఆ పుస్తకం చదివేది నేనొక్కణ్నే కనుక ఎవరి పనో నీకు తెలిసిపోయింది. ఆ ఒక్క మాట చెబితే నీ ఉద్యోగం నిలిచేది. భార్యను కాల్చడానికి పోతున్నవాడికి, చంపింది నువ్వే అని చెప్పలేక ఊరుకున్నావు. ఆ ఊరుకున్న నోటిని నేను కాగితం రాసి మూయించాను. ఇప్పుడు నువ్వే నన్ను మాఫీ అడుగుతున్నావు!

ఆనాటి నా వాంగ్మూలం అబద్ధమని, కారణం నేనని కలెక్టరాఫీసుకు రాశాను. నకలు ఇందులో పెట్టాను. బషీరున్నీసాకు చదవమని ఇవ్వు. వాళ్ల అబ్బా తనకు తెలిసిన పనిలో ఒక్క తప్పు కూడా చెయ్యలేదని, డ్రైవరు బిడ్డనని ఆమె ఎవరికైనా చెప్పుకోవచ్చునని చెప్పు. పదో తేదీన నేను హుజూర్‌నగర్ బస్సు ఎక్కుతాను. తలుపు తీస్తే నీ ఎదుట నిలబడి కహా సునా మాఫ్ అడుగుతాను. నేను హజ్‌కు పోవడం లేదు కాని, ఈ వయసులో నేను కూడా తిరిగి రాకపోవచ్చు. తలుపు తీయకపోతే గడప మీద కూర్చుని వచ్చేస్తాను.

నువ్వు మన్నిస్తావని భయంగా ఉంది. అండాలు కూడా మన్నించేసే మనిషే. నేను మాత్రం ఒకణ్ని మన్నించను. పదమూడేళ్లుగా వాడి పేరు తప్పు రాస్తూ వచ్చాను. ఇప్పుడు సరిగా రాస్తున్నాను.

వెలిదండ రామచంద్రయ్య